పెద్ద ఆర్‌సీ విమానం ఫ్యూజలేజ్‌ను బలపరచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు 30 సీసీ నుంచి 100 సీసీ దాకా పెట్రోల్ ఇంజన్, లేదా దానికి సరిసమానమైన ఎలక్ట్రిక్ మోటార్ పెట్టుకునే చెక్క ఆర్‌సీ (రేడియో కంట్రోల్) మోడళ్లకు వర్తిస్తాయి. ఫ్యూజలేజ్ అంటే రెక్కలు, తోక అతికే విమానం మొండెం. అంటే బాల్సా (చాలా తేలికైన చెక్క), లైట్‌ప్లై (తేలికరకం ప్లైవుడ్)తో కట్టి పైన ఫిల్మ్ కవరింగ్ వేసినవి. ఫైబర్‌గ్లాస్ ఫ్యూజలేజ్ గురించి విడిగా ఒక ప్రశ్న ఉంది.

కొత్త ఏఆర్‌ఎఫ్ (దాదాపు పూర్తిగా కట్టి వచ్చే) కిట్ కొన్నాం. ఎగరేయకముందే బలపరచాలా?

మొత్తం ఫ్యూజలేజ్‌ను బలపరచాల్సిన పని లేదు. అతుకులు మాత్రం అన్నీ చూడాలి. ఫ్యాక్టరీలో కట్టిన ఫ్యూజలేజ్‌లో చెక్క ముక్కలు సాధారణంగా బాగానే ఉంటాయి, తక్కువయ్యేది జిగురే. చిన్న టార్చ్, అద్దం ముక్క పట్టుకుని ఫార్మర్లు (ఫ్యూజలేజ్ లోపలి అడ్డ చట్రాలు) పక్కగోడలను కలిసే ప్రతి మూలా చూడండి. జిగురు చుక్కలు చుక్కలుగా ఉండి మధ్యలో ఖాళీ కనబడినా, వేలితో నొక్కితే అతుకు కిర్రుమన్నా అక్కడ ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ కలిపి వాడే జిగురు) పూయాలి. ఫైర్‌వాల్ (ఇంజన్ బిగించే ముందు ప్లై గోడ), ల్యాండింగ్ గేర్ ప్లేట్ (చక్రాల కాళ్లు బిగించే ప్లై పలక), వింగ్ ట్యూబ్ స్లీవ్ (రెక్కలను కలిపే గొట్టం దూరే తొడుగు), తోక దగ్గర స్టెబిలైజర్ (తోకలోని అడ్డ రెక్క) కూర్చునే చోటు: ఈ నాలుగింటికీ జిగురు సరిగా ఉన్నట్టు కనిపించినా ఇంకో పూత వేయడం మంచిది. అన్నీ కలిపి 20, 30 గ్రాములు దాటదు.

బలపరిచిన చోట కాకుండా దాని పక్కన విరిగింది. ఎందుకు?

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఒకచోట చెక్క విరిగితే అక్కడ 6 మి.మీ. ప్లై అతికించేస్తాం. ఆ ముక్క వంగదు. దాని పక్కనున్న 3 మి.మీ. లైట్‌ప్లై వంగుతుంది. ఇంతకుముందు ఒక అడుగు పొడవునా పంచుకున్న వంపంతా ఇప్పుడు ఆ ప్లై అంచు దగ్గర ఒక్క గీత మీద పడి, సరిగ్గా అక్కడే బీట వస్తుంది.

కాబట్టి ఏ ముక్క అతికించే ముందైనా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ బలం ఇక్కడినుంచి ఎక్కడికి పోతుంది? ఇంజన్ లాగే బలం ఫైర్‌వాల్‌లోంచి ఇంజన్ బాక్సుకు (ఫైర్‌వాల్‌ను ఫ్యూజలేజ్‌కు కలిపే పెట్టెకు), అక్కడినుంచి మొదటి ఫార్మర్‌కు, పక్కగోడలకు, చివరికి వింగ్ ట్యూబ్‌కు చేరుతుంది. దారిలో ఏ ఒక్క అతుకు బలహీనంగా ఉన్నా మిగతావాటి బలం అక్కరకు రాదు. డబ్లర్ (బలం కోసం గోడ మీద అతికే అదనపు పొర) వేస్తే దాన్ని ఒక ఫార్మర్ నుంచి ఇంకో ఫార్మర్ దాకా సాగనివ్వండి. గోడ మధ్యలో ఆపాల్సి వస్తే చివరను తిన్నగా కోయకుండా చేప తోకలా V ఆకారంలో కోసి, అంచును పలచగా గీకండి. రెండు డబ్లర్లు ఎదురెదురుగా ఉంటే వాటి చివరలు ఒకే గీత మీదకు రాకుండా కనీసం 30 మి.మీ. ఎడం పెట్టండి.

ఫైర్‌వాల్‌ను సరిగా బలపరచే పద్ధతి ఏమిటి?

ముందుగా అక్కడ పడే బలం ఎంతో చూద్దాం. 50 సీసీ సింగిల్ సిలిండర్ టూ-స్ట్రోక్ ఇంజన్ 7000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 117 సార్లు పేలుతుంది. మఫ్లర్‌తో కలిపి కిలోన్నర దాకా ఉండే ఆ ఇంజన్ స్టాండాఫ్‌ల (ఇంజన్‌ను ఫైర్‌వాల్‌కు ఎడంగా నిలిపే కడ్డీల) చివర వేలాడుతూ ప్రతి పేలుడుకూ ఫైర్‌వాల్‌ను అదిలిస్తుంది. ఒక్క దెబ్బకు విరగని అతుకు కూడా ఈ అదురుకు మెల్లగా వదులవుతుంది. అందుకే ఇక్కడ జిగురుతో పాటు మేకులాగా పట్టే పుల్లలు కూడా కావాలి.

1. ఇంజన్, ట్యాంక్, ఇగ్నిషన్ అన్నీ తీసేయండి. ఒక స్టాండాఫ్‌ను పట్టుకుని పైకీ కిందికీ లాగుతూ మూలలను గమనించండి. సన్నటి గీత తెరుచుకుని మూసుకుంటుంటే అతుకు పోయినట్టే.
2. ఫ్యాక్టరీ జిగురు పెచ్చులను చాకు మొనతో గీకేయండి. 120 నంబర్ శాండ్‌పేపర్‌తో చెక్క కనబడేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.
3. సన్నటి బీటల్లోకి పలచటి ల్యామినేటింగ్ ఎపాక్సీ వదలండి. చెక్కను హీట్‌గన్‌తో చేతికి గోరువెచ్చగా తగిలేంత వేడి చేస్తే ఎపాక్సీ పలచబడి తనంతట తానే లోపలికి పాకుతుంది. ఎక్కువ వేడి చేస్తే బుడగలొస్తాయి.
4. బాక్సు పక్కగోడ బయటినుంచి ఫైర్‌వాల్ అంచు మధ్యలోకి 2 మి.మీ. బిట్‌తో 15 నుంచి 20 మి.మీ. లోతు రంధ్రాలు చేయండి. 25, 30 మి.మీ.కు ఒకటి చాలు. 6 మి.మీ. ఫైర్‌వాల్‌కు ఇంతకంటే లావు బిట్ వాడితే ప్లై పొరలు విచ్చుకోవచ్చు. రంధ్రంలో ఎపాక్సీ నింపి వెదురు పుల్ల దించండి, ఎండాక గోడకు సమంగా కోసేయండి. ఇంజన్ బోల్టులున్న చోటికి దూరంగా ఉండండి.
5. లోపలి మూలల్లో 12 మి.మీ. త్రికోణపు కర్ర అతికించండి. 30 సీసీ దాకా గట్టి బాల్సా సరిపోతుంది, అంతకు మించితే స్ప్రూస్ లాంటి కర్ర వాడండి. నార పొడవునా ఉండాలి.
6. బయట మూలల మీదుగా చదరపు మీటరుకు 80 నుంచి 100 గ్రాముల గ్లాస్ క్లాత్ వేయండి. దారాలు మూలకు 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటే ప్రతి దారమూ మూల దాటుతుంది. గుడ్డ బాక్సు మీదే ఆగిపోకుండా వెనక్కి ఫ్యూజలేజ్ గోడ మీదికి కనీసం 25 మి.మీ. రావాలి.
7. చివరగా ఫైర్‌వాల్ మొత్తానికీ, ట్యాంక్ ఉండే గది నేలకూ పలచటి ఎపాక్సీ పూత వేయండి. పెట్రోల్, నూనె చెక్కలోకి ఇంకకుండా ఆపేది ఇదే.

ఆరో అంచెలోని ఆ 25 మి.మీ. వదిలేస్తే ఫైర్‌వాల్ బాక్సుకు గట్టిగా అంటుకుని ఉండగానే బాక్సు మొత్తం ఫ్యూజలేజ్ నుంచి ఊడివస్తుంది. బలం వెళ్లే దారిలో సగంలో ఆగిపోవడం అంటే ఇదే. ఇంకో సంగతి: బాక్సుకున్న రంధ్రాలన్నీ మూసేయకండి. ఇంజన్ వేడిగాలి బయటికి పోయే దారి వాటిలో ఉండొచ్చు.

దిగేటప్పుడు ల్యాండింగ్ గేర్ ప్లేట్ ఊడివచ్చేసింది. ఇంకా మందం ప్లేట్ వేస్తే చాలా?

చాలదు. ముందు ఆ ప్లేట్ ఏ వైపు నుంచి ఊడిందో చూడండి. దాదాపు ఎప్పుడూ ముందు అంచే మొదట తెరుచుకుంటుంది. చక్రం గడ్డిలో పట్టుకుని వెనక్కి లాగినప్పుడు గేర్ కాలు మీటలా పనిచేస్తుంది: ప్లేట్ ముందు అంచును కిందికి పీకుతుంది, వెనక అంచును పైకి నొక్కుతుంది. వెనక అంచు చెక్కలోకి నొక్కుకుంటుంది కాబట్టి నిలబడుతుంది. ముందు అంచును పట్టుకునేది జిగురొక్కటే.

అందుకని 6 మి.మీ. బర్చ్ ప్లై ప్లేట్‌ను ముందు ఫార్మర్‌ను, వెనక ఫార్మర్‌ను రెంటినీ తాకేంత పొడవు కోయండి. ముందు ఫార్మర్‌తో కలిసే మూలలో ప్లేట్ పైన త్రికోణపు కర్ర, ప్లేట్ కింద ఆ ఫార్మర్‌కే అతికించిన 10 మి.మీ. చదరపు కర్ర పెట్టండి. ఆ కింది కర్ర వల్ల ప్లేట్ కిందికి రావాలంటే జిగురును చీల్చడం కాదు, కర్రనే పీకాలి. పక్కగోడలకు లోపలివైపు 1.5 మి.మీ. బర్చ్ ప్లై డబ్లర్ వేసి, ప్లేట్ చివరలు దానికి ఆనేలా చూడండి. డబ్లర్ గోడ మీద కనీసం 60 మి.మీ. ఎత్తు రావాలి.

బోల్టుల దగ్గర ఆలోచన మారాలి. ఇంత బలంగా కట్టాక గేర్‌ను స్టీల్ బోల్టులతో బిగిస్తే ఈసారి ఫ్యూజలేజ్ అడుగే చీలుతుంది. 6 మి.మీ. నైలాన్ బోల్టులు వాడండి. గట్టిగా తగిలితే అవి తెగి గేర్ విడిపోతుంది, చెక్క మిగులుతుంది. బ్లైండ్ నట్‌లను (చెక్కను కరుచుకుని తిరగకుండా ఉండే నట్లను) ప్లేట్ పైవైపు నుంచి కూర్చోబెట్టి చుట్టూ ఎపాక్సీ వేయండి. మరల్లోకి జిగురు పోకుండా ముందే కొంచెం వాజలీన్ రాసుకోండి. నైలాన్ బోల్టులకు థ్రెడ్‌లాకర్ రాయకూడదు, చాలా రకాల ప్లాస్టిక్‌ను అది పెళుసుగా మారుస్తుంది.

వింగ్ ట్యూబ్ దగ్గర రెక్కలు కొద్దిగా ఊగుతున్నాయి.

రెండు కారణాలుంటాయి. ట్యూబ్ స్లీవ్ పక్కగోడ నుంచి విడిపోయి ఉంటుంది, లేదా రెక్క తిరగకుండా పట్టే చిన్న పిన్నుల రంధ్రాలు అరిగి ఉంటాయి. స్లీవ్ కోసం 3 మి.మీ. బర్చ్ ప్లైతో, ట్యూబ్ వ్యాసం కంటే 25 మి.మీ. ఎక్కువ వ్యాసముండే రింగులు కోసి గోడకు లోపలివైపు అతికించండి. జిగురు ఎండేటప్పుడు ట్యూబ్, రెక్కలు తొడిగి ఉంచడం తప్పనిసరి. రెండు రెక్కల కొసల నుంచి తోక మధ్యబిందువుకు దారంతో కొలవండి. తేడా 2, 3 మి.మీ. దాటితే జిగురు గట్టిపడక ముందే సరిచేయండి, తర్వాత ట్రిమ్‌తో సర్దుకోవడం తప్ప ఏమీ చేయలేరు. అరిగిన పిన్ను రంధ్రాలకు వెనక నుంచి చిన్న ప్లై బిళ్లలు అతికించి కొత్తగా డ్రిల్ చేయండి.

తోక పట్టుకుని మెలితిప్పితే వెనక భాగం తిరుగుతోంది. ప్రమాదమా?

కొంచెం తిరగడం సహజం. కవరింగ్ మీద ఏటవాలు ముడతలు లేచి, చేయి వదిలాక కూడా నిలిచిపోతుంటే పట్టించుకోవాలి. మెత్తటి తోక వల్ల రడ్డర్‌ను రెండువైపుల నుంచి లాగే పుల్-పుల్ తీగలు ఒకసారి బిగిసి ఒకసారి వదులవుతాయి, వేగంలో ఫ్లట్టర్ (తోక భాగాలు అదుపు తప్పి అదరడం) వచ్చే అవకాశం పెరుగుతుంది.

వంపు వేరు, మెలి వేరు. రెంటికీ మందు ఒకటి కాదు. పైకీ కిందికీ వంగుతుంటే నాలుగు మూలల్లోని లాంజరాన్ల (ఫ్యూజలేజ్ పొడవునా సాగే కర్రల) వెంట 1×3 మి.మీ. కార్బన్ పట్టీలు అతికించాలి. పట్టీ ఎంత మూలకు ఉంటే అంత మేలు. గోడ మధ్యలో అతికించిన కార్బన్ వృథా బరువు. రెక్క వెనక అంచుకు ముందు కనీసం 80 మి.మీ. నుంచి మొదలుపెట్టి స్టెబిలైజర్ కింది ఫార్మర్ దాకా తీసుకెళ్లండి. మెలి తిరుగుతుంటే కార్బన్ పట్టీలు పెద్దగా పనికిరావు. ప్రతి గదిలోనూ (రెండు ఫార్మర్ల మధ్య ఖాళీలో) మూల నుంచి మూలకు 5 మి.మీ. బాల్సా పుల్లలు ఏటవాలుగా, పక్క గదిలో ఎదురు దిశలో వచ్చేలా వేయండి. లేదా గోడల మీద 45 డిగ్రీలలో చదరపు మీటరుకు 25 గ్రాముల గ్లాస్ క్లాత్ వేయండి. వదులైన ఫిల్మ్‌ను ఇస్త్రీతో మళ్లీ బిగిస్తే కూడా మెలి కొంత తగ్గుతుంది, కాబట్టి మొదట అదే చేసి చూడండి.

పైన పెద్ద క్యానపీ (కాక్‌పిట్ మూత) తలుపున్న మోడళ్లలో మెలి ఎక్కువగా అక్కడే పుడుతుంది. మూసిన డబ్బాకు ఉండే బిగువు మూత తీసిన డబ్బాకు ఉండదు. ఆ తలుపు చట్రం చుట్టూ 1.5 మి.మీ. ప్లై పట్టీ వేసి, నాలుగు మూలలకూ చిన్న త్రికోణపు బిళ్లలు పెడితే తోకను ముట్టుకోకుండానే తేడా తెలుస్తుంది.

ఏ జిగురు ఎక్కడ?

ఫైర్‌వాల్, గేర్, వింగ్ ట్యూబ్‌లకు 30 నిమిషాల ఎపాక్సీ లేదా ల్యామినేటింగ్ ఎపాక్సీ. 5 నిమిషాల ఎపాక్సీ చెక్కలోకి ఇంకేలోపే గట్టిపడుతుంది, వేడికి మెత్తబడుతుంది. ముక్కను పట్టి ఉంచడానికి తప్ప ఇంజన్ దగ్గర దాన్ని వాడకండి. సీఏ గ్లూ (సూపర్‌గ్లూ రకం) బాల్సా పుల్లలకు బాగుంటుంది గానీ పెళుసు, అదురుకు పగులుతుంది. పాలీయురేథేన్ గ్లూ నురుగులా పొంగి సందు నిండినట్టు కనిపిస్తుంది, ఆ నురుగుకు బలం ఉండదు.

సందు నింపాలంటే ఎపాక్సీలో పత్తి పీచు పొడి లేదా మిల్డ్ ఫైబర్ (పొడిగా నూరిన గాజు పీచు) కలపండి. మైక్రోబెలూన్లు (సన్నటి బోలు గుళికల పొడి) కలిపితే తేలికగా, రుద్దడానికి సులువుగా ఉంటుంది కానీ అది పుట్టీ మాత్రమే, అతుకు కాదు.

కొలత సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 100:40 నిష్పత్తిలో 10 గ్రాముల మిశ్రమం చేస్తే హార్డెనర్ 3 గ్రాముల లోపే. వంటింటి త్రాసు అర గ్రాము తేడా చూపితే హార్డెనర్ 17 శాతం దాకా తప్పుతుంది, ఎపాక్సీ ఎన్ని రోజులున్నా జిగటగానే మిగలొచ్చు. 0.1 గ్రాము చూపే త్రాసు వాడండి, లేదా ఒకేసారి 30 గ్రాములు కలపండి.

గ్లాస్ క్లాత్ వేసేటప్పుడు ఎంత రెసిన్ పడుతుంది?

గుడ్డ బరువుకు సమానంగా. 20×30 సెం.మీ. చోటుకు చదరపు మీటరుకు 80 గ్రాములుండే గుడ్డ 5 గ్రాములు తూగుతుంది, దానికి ఇంకో 5 గ్రాముల రెసిన్. మొత్తం 10 గ్రాములు. పాత ప్లాస్టిక్ కార్డుతో గీకుతూ పోతే గుడ్డ నేత కనబడుతూ, పైన మెరుపు లేకుండా ఉండాలి. అద్దంలా మెరుస్తుంటే రెసిన్ ఎక్కువైనట్టు. తెల్లటి మచ్చలుంటే తడవనట్టు. బాల్సా రెసిన్‌ను బాగా పీలుస్తుంది కాబట్టి దాని మీద ముందుగా పలచటి పూత వేసి గీకేసి, తర్వాత గుడ్డ పరవండి.

తోకలో వేసిన బరువు వల్ల సీజీ (విమానం తూకం కుదిరే బిందువు) ఎంత మారుతుంది?

సీజీకి 110 సెం.మీ. వెనక 30 గ్రాములు చేరాయనుకుందాం. ముక్కులో సీజీకి 40 సెం.మీ. ముందు సీసం పెట్టి సరిచేయాలంటే 30×110÷40, అంటే 82.5 గ్రాములు కావాలి. తోకలో 30 గ్రాములు వేసి విమానానికి మొత్తం 112 గ్రాములు మోయించినట్టు. అందుకే వెనక భాగంలో ప్లై ముక్కలు వాడకుండా కార్బన్, పలచటి గ్లాస్ వాడమంటాం. సీసం పెట్టే ముందు బ్యాటరీలు, ఇగ్నిషన్ ముందుకు జరిపి చూడండి.

చెక్క నూనె పీల్చుకుంది. దాని మీద అతికించొచ్చా?

నూనె తీయకుండా కుదరదు, ఏ ఎపాక్సీ అయినా పొరలా లేచిపోతుంది. మొక్కజొన్న పిండిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముద్దలా కలిపి పట్టించి, ఆరాక దులిపేయండి. పిండి గోధుమరంగుకు తిరగడం ఆగేదాకా మళ్లీ మళ్లీ పెట్టండి. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. ఆల్కహాల్ పూర్తిగా ఆరిపోయాకే హీట్‌గన్ తీయండి, మెల్లగా వేడి చేస్తే లోపలి నూనె పైకి తేలుతుంది. గోరుతో గీరితే చెక్క మెత్తగా పొడిపొడిగా వస్తుంటే మాత్రం ఆ ముక్కను కోసి తీసేయడమే.

ఫైబర్‌గ్లాస్ ఫ్యూజలేజ్ అయితే?

లోపల 80 నంబర్ శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, అసిటోన్‌తో తుడవాలి. ఇది తప్పితే అతికించిన ఫార్మర్లన్నీ ఒకరోజు టక్కున ఊడతాయి. ఫ్యూజలేజ్ పాలీయెస్టర్‌తో చేసినదైనా మరమ్మతుకు ఎపాక్సీయే వాడండి. ఎపాక్సీ గట్టిపడిన పాలీయెస్టర్‌ను పట్టుకుంటుంది, పాలీయెస్టర్ ఎపాక్సీని అంతగా పట్టుకోదు.

ఫార్మర్‌ను గోడకు గట్టిగా నొక్కి అతికిస్తే బయట పెయింట్ మీద గీతలా కనబడుతుంది, ఆ గీత దగ్గరే బీట కూడా వస్తుంది. ఫార్మర్‌ను చుట్టూ 1 మి.మీ. చిన్నగా కోసి, పీచు కలిపిన ఎపాక్సీతో గుండ్రటి మూల కట్టి, దాని మీద 25 మి.మీ. వెడల్పు గ్లాస్ టేపు రెండువైపులా వేయండి.

కార్బన్ వాడితే రేడియో సిగ్నల్‌కు ఇబ్బందా?

ఇబ్బందే. కార్బన్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. సన్నటి పట్టీలతో పెద్ద సమస్య రాదు కానీ రిసీవర్ చుట్టూ కార్బన్ గుడ్డ పరిచితే వస్తుంది. రిసీవర్ ఉన్న చోట గ్లాస్ వాడండి. యాంటెన్నా కొసలను కార్బన్‌కు దూరంగా, ఒకదానికొకటి 90 డిగ్రీలలో పెట్టండి. పని అయ్యాక ఇంజన్ నడుస్తుండగా రేంజ్ చెక్ చేయకుండా ఎగరేయొద్దు. కార్బన్ కరెంటును పోనిస్తుందని కూడా గుర్తుంచుకోండి: తొక్క ఒరిసిపోయిన వైరు దానికి తగిలితే షార్ట్ అవుతుంది.

జాగ్రత్తలు?

ఎపాక్సీకి నైట్రైల్ గ్లవ్స్. పదేపదే చర్మానికి తగిలితే ఎలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చాక పోదు. గ్లాస్, కార్బన్ రుద్దేటప్పుడు ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు, కళ్లజోడు పెట్టుకోండి. శాండ్‌పేపర్‌ను నీళ్లతో తడిపి రుద్దితే దుమ్ము గాల్లోకి లేవదు. కార్బన్ పట్టీని కోసే ముందు కోసే చోట టేపు చుట్టండి, ముళ్లలాంటి పీచులు వేళ్లలో గుచ్చుకోవు.

చేసిన పని ఫలించిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పని మొదలుపెట్టకముందే కొలవాలి. ఫ్యూజలేజ్‌ను వింగ్ ట్యూబ్ దగ్గర కదలకుండా బిగించండి. స్టెబిలైజర్ ఒక కొసకు 500 గ్రాముల బరువు వేలాడదీసి, ఆ కొస ఎన్ని మి.మీ. దిగిందో రాసుకోండి. బలపరిచి, ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక అదే బరువుతో అదే చోట మళ్లీ కొలవండి. అంకె తగ్గకపోతే మీరు బలహీనమైన చోటును కాకుండా వేరేచోటును బలపరిచారు. ఆ బరువు వేలాడుతుండగానే ఒక్కో అతుకు మీద వేలు పెట్టి చూస్తే ఏది కదులుతోందో దొరుకుతుంది.

ఎగరేసిన మొదటి రోజు ప్రతి ఫ్లైట్ తర్వాతా కౌలింగ్ (ఇంజన్ మీది కవర్) విప్పి ఫైర్‌వాల్ మూలలు చూడండి. అతుకు పక్కన నల్లటి సన్నటి గీత కనిపిస్తే అది నూనెతో నిండిన బీట.

ఎప్పుడు వదిలేసి కొత్త ఫ్యూజలేజ్ తీసుకోవాలి?

వింగ్ ట్యూబ్ దగ్గర రెండు పక్కగోడలూ విరిగినప్పుడు, ముక్కలు కలిపి చూసినా రెక్కకూ తోకకూ మధ్య కోణం దొరకనప్పుడు. ఇంజన్ బాక్సు మొత్తం ఊడినా, వెనక భాగం అడ్డంగా రెండు ముక్కలైనా బాగుచేయొచ్చు, ఎందుకంటే అక్కడ కొలతలు తీసుకోవడానికి వింగ్ ట్యూబ్ చెక్కుచెదరకుండా మిగిలి ఉంటుంది. ఆ ఆధారమే పోయిన ఫ్యూజలేజ్ నుంచి బ్లైండ్ నట్‌లు, స్లీవ్, పనికొచ్చే ప్లై ముక్కలు తీసి దాచుకోండి. ఫార్మర్లను కాగితం మీద అచ్చు గీసి పెట్టుకుంటే తర్వాతి మరమ్మతుకు కొలతలు సిద్ధంగా ఉంటాయి.